రాత్రి వార్డులో ఎంతమంది నర్సులు?

మే 12 వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపులన్నీ దీపం పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మలతో నిండిపోతాయి. నర్సులు దేవతలని, రెండో తల్లులని ఒకరిని మించి ఒకరు సందేశాలు పంపుకుంటాం. ఆసుపత్రి యాజమాన్యాలు కేకు కోయిస్తాయి, శాలువాలు కప్పుతాయి, పేపర్లో ఫోటో వేయిస్తాయి. సాయంత్రానికి హడావుడి సద్దుమణుగుతుంది. రాత్రి ఎనిమిదింటికి అదే నర్సు డ్యూటీ ఎక్కుతుంది. ఆ రాత్రి ఆమె చేతికింద ఎంతమంది రోగులున్నారో మాత్రం ఎవరూ అడగరు.

నిజం చెప్పాలంటే, నిరుటి సంక్రాంతి దాకా ఆ ప్రశ్న నాకూ తట్టలేదు.

పండక్కి రెండు రోజుల ముందు మా నాన్నగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. దొరికిన విమానం పట్టుకుని వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయింది. కోస్తాలో ఒక పెద్ద ఊళ్ళో పేరున్న ఆసుపత్రి. కింద పాలరాతి నేల, కాఫీ షాపు, అద్దాల లిఫ్టు. మన ఎయిర్‌పోర్టులు కూడా అంత శుభ్రంగా ఉండవు. మూడోనాటి రాత్రి ఒంటిగంటన్నరకి నాన్నగారికి నొప్పి ఎక్కువైంది. బెల్లు కొట్టాను. ఇరవై అయిదు నిమిషాలైనా ఎవరూ రాలేదు. కౌంటరు దగ్గరికి వెళ్ళి గొంతు పెంచాను. ఇంజెక్షన్ టైము దాటిపోయింది, ఇంత డబ్బు కట్టించుకుంటున్నారు, ఇదేనా మీరు చూసే తీరు అని అరిచాను. ఆ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఒక చేతిలో ఇంజెక్షన్ ట్రే, ఇంకో చేతిలో కేస్ షీట్లు. "వస్తున్నానండీ, ఇంకో రెండు బెడ్లు చూసి వచ్చేస్తాను. ఫ్లోరంతా నేనొక్కదాన్నే సార్, ఇరవై రెండు మంది పేషెంట్లు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ పని ఆపలేదు.

తెల్లారి డ్యూటీ దిగే ముందు ఆమే వచ్చి నాన్నగారికి పక్క సర్దింది. నేను క్షమాపణ చెప్పుకున్నాను. మాటల్లో తెలిసింది, ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి వాళ్ళ దగ్గరే ఉన్నాయట. రెండేళ్ళ బాండు. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి. "అమెరికాలో ఒక నర్సుకి ఎంతమందినిస్తారు సార్?" అని అడిగింది. కాలిఫోర్నియాలో ఇలాంటి వార్డుకైతే అయిదుగురిని మించి ఇవ్వకూడదని చట్టం ఉందమ్మా అన్నాను. ఆమె నవ్వింది. "అయిదుగురైతే పేర్లు కూడా గుర్తుంటాయి సార్" అంది.

ఆ మాట పట్టుకునే ఈ సంపాదకీయం రాస్తున్నాను.

నర్సుల ఉద్యోగ సంతృప్తి అనగానే మనకు అది మేనేజ్‌మెంటు కాలేజీల వాళ్ళు ప్రశ్నాపత్రాలు పంచి చేసే సర్వేల వ్యవహారంలా అనిపిస్తుంది. లేదా సేవాభావం, ఓర్పు, చిరునవ్వు అంటూ మనిషి స్వభావం మీదికి నెట్టేస్తాం. ఆమెకి ఓపిక లేదంటాం, ఈ కాలం పిల్లలకి సేవాభావం ఎక్కడిదంటాం. కానీ ఈ విషయం మీద చాలా ఏళ్ళుగా జరిగిన పరిశోధన వేరే చోటికి వేలు చూపిస్తోంది. నర్సు మనసు కంటే ముందు డ్యూటీ చార్టు చూడమంటోంది.

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ఒక సంగతి చెప్పాడు. ఉద్యోగంలో అసంతృప్తి పుట్టించేవి ఒక రకం, సంతృప్తి ఇచ్చేవి ఇంకో రకం అన్నాడు. జీతం, పని పరిస్థితులు, భద్రత, పైవాళ్ళ ప్రవర్తన మొదటి రకం. ఇవి సరిగా లేకపోతే మనిషి కుమిలిపోతాడు. గుర్తింపు, బాధ్యత, చేసిన పనికి ఫలితం కనపడటం, ఎదుగుదల రెండో రకం. ఈ విభజనతో అందరూ ఏకీభవించలేదు. అయినా మన ఆసుపత్రుల్ని దీనితో కొలిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. మొదటి రకం దగ్గర ఎగ్గొట్టి, రెండో రకం పేరు మీద కేకులు పంచుతున్నాం. ఇల్లు కురుస్తుంటే గుమ్మానికి మామిడాకులు కట్టినట్టుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో ఒక అధ్యయనం ప్రచురించింది. 168 ఆసుపత్రులు, పది వేలకు పైగా నర్సులు, రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా శస్త్రచికిత్స రోగుల వివరాలు అందులో ఉన్నాయి. ఒక నర్సు కింద ఒక్క రోగి పెరిగితే చాలు, ఆ నర్సు ఉద్యోగం మీద అసంతృప్తి పడే అవకాశం 15 శాతం పెరుగుతోంది. పూర్తిగా అలిసిపోయి, మనసు మొద్దుబారిపోయే అవకాశం 23 శాతం పెరుగుతోంది. ఇంతవరకూ అది నర్సు బాధ. మూడో అంకె మనది. ఒక్క రోగి పెరిగితే, ముప్ఫై రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. నలుగురిని చూసే నర్సుకీ ఎనిమిది మందిని చూసే నర్సుకీ మధ్య ఆ తేడా 31 శాతం. ఇరవై రెండు మంది ఉన్న వార్డు ఆ అధ్యయనం లెక్కలోకే రాదు.

అంటే నర్సు అసంతృప్తీ రోగి ప్రాణాపాయమూ ఒకే కొమ్మకు కాసిన కాయలు. ఆమె విసుక్కుందని మనం కోప్పడతాం. ఆ విసుగు మనకి ఎంతోకాలంగా మోగుతున్న ప్రమాద ఘంట.

కాలిఫోర్నియా చట్టం కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నర్సుల సంఘం ఏళ్ళ తరబడి పోరాడితే 1999లో గవర్నర్ గ్రే డేవిస్ సంతకం చేశాడు. 2004 జనవరి నుంచి అమలైంది. ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరు, ఎమర్జెన్సీలో నలుగురు, సాధారణ మెడికల్ సర్జికల్ వార్డులో మొదట ఆరుగురు, 2005 నుంచి అయిదుగురు. ఆ అయిదుగురి నిబంధనను వాయిదా వెయ్యాలని తర్వాత వచ్చిన గవర్నర్ ష్వార్జ్‌నెగ్గర్ ప్రయత్నిస్తే నర్సులు ఆయన వెళ్ళిన ప్రతి చోటికీ వెళ్ళి నిలదీశారు, కోర్టుకెళ్ళి గెలిచారు. ఐకెన్ బృందమే 2010లో కాలిఫోర్నియాను పెన్సిల్వేనియా, న్యూజెర్సీలతో పోల్చి చూసింది. కాలిఫోర్నియా నర్సుల్లో అలసట, అసంతృప్తి తక్కువగా కనిపించాయి. 2023 జనవరిలో న్యూయార్క్‌లో రెండు పెద్ద ఆసుపత్రులకు చెందిన ఏడు వేల మంది నర్సులు మూడు రోజులు సమ్మె చేసినప్పుడు కూడా మొదటి డిమాండు వార్డులో తగినంత మంది నర్సులుండాలన్నదే. జీతం దాని వెనకే వచ్చింది.

సంఖ్య ఒక్కటే సరిపోతుందా అంటే సరిపోదు. 1980ల మొదట్లో అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్నప్పుడు, కొన్ని ఆసుపత్రుల్ని మాత్రం నర్సులు వదిలి వెళ్ళడం లేదని గమనించారు. ఎందుకో తెలుసుకుందామని 1983లో అటువంటి 41 ఆసుపత్రుల్ని గుర్తించి పరిశీలించారు. నర్సుల్ని అయస్కాంతంలా పట్టి ఉంచుతున్నాయి కనుక వాటికి మాగ్నెట్ ఆసుపత్రులని పేరొచ్చింది. అక్కడ కనిపించినవి ఇవి: నర్సు మాటకు విలువ ఉంది, రోగి విషయంలో ఆమె నిర్ణయం తీసుకోగలదు, డాక్టర్లు ఆమెను తోటి వృత్తి నిపుణురాలిగా చూస్తారు, ఆసుపత్రిని నడిపే కమిటీలో నర్సుకు కుర్చీ ఉంది, డ్యూటీల అమరికలో ఆమె ఇంటి అవసరాలకూ చోటుంది. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

ఇక మన ఊళ్ళకి వద్దాం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకొక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికొక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. కాగితం మీద మనం కాలిఫోర్నియాకి తీసిపోలేదన్నమాట! కాకపోతే తప్పితే అడిగేవాడు లేడు. ఏ పెద్దాసుపత్రికైనా వెళ్ళి రాత్రి పదింటికి వార్డులో లెక్కపెట్టి చూడండి, ఆ కాగితం విలువేమిటో తెలుస్తుంది.

జీతాల సంగతి. ప్రైవేటు నర్సుల జీతాల మీద కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రాన్ని కమిటీ వెయ్యమంది. ఆ కమిటీ చెప్పింది స్పష్టంగానే ఉంది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 నుంచి 200 పడకలున్న చోట పది శాతం మించి, 50 నుంచి 100 పడకలున్న చోట పాతిక శాతం మించి తగ్గకూడదు. అంతకంటే చిన్నవాటిలోనైనా ఇరవై వేలు తగ్గకూడదు. ఆ సిఫార్సులు రాష్ట్రాల చేతికొచ్చాయి. కేరళలో నర్సులు సంఘం కట్టి 2017లో వీధికెక్కితే, 2018 ఏప్రిల్లో అక్కడి ప్రభుత్వం ఇరవై వేల కనీస మూల వేతనంతో నోటిఫికేషన్ ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో మీకు తెలిసిన ప్రైవేటు నర్సునెవరినైనా అడగండి, నెలకి చేతికెంతొస్తుందో. సమాధానం వినడానికి కాస్త గుండె దిటవు చేసుకోండి.

ప్రభుత్వాసుపత్రుల్లో ఇంకో రకం కథ. పక్కపక్క బెడ్ల దగ్గర ఇద్దరు నర్సులు ఒకే పని చేస్తుంటారు. ఒకరు పర్మనెంటు, ఒకరు ఔట్‌సోర్సింగు. కరోనా ఉధృతంగా ఉన్న 2020 జులైలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు సమ్మెకు దిగితే కానీ వాళ్ళ జీతం పదిహేడున్నర వేల నుంచి పాతిక వేలకు పెరగలేదు. పీపీఈ కిట్లలో ఊపిరాడక పనిచేసిన వాళ్ళకి మనం బాల్కనీల్లో పళ్ళాలు మోగించాం. ఏడాది తిరక్కుండా, 2021 జులైలో, పదహారు వందలకు పైగా నర్సుల్ని ఇక రానక్కర్లేదని ఇంటికి పంపించారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 జనవరి చివర తెలంగాణ ప్రభుత్వం ఒకేసారి దాదాపు ఏడు వేల మంది నర్సులకు నియామక పత్రాలిచ్చింది. ప్రభుత్వం తలుచుకుంటే అవుతుందని ఆ రోజు తేలింది. తలుచుకునేలా చెయ్యడమే మన పని.

జీతం కాక ఇంకా ఉన్నాయి. బిల్లింగు కాగితాలు, ఇండెంట్లు, ఇన్సూరెన్సు ఫారాలు, ల్యాబ్ రిపోర్టుల కోసం ఫోన్లు, అన్నీ నర్సు మీదే పడతాయి. రోగి పక్కన ఉండాల్సిన సమయం కౌంటరు దగ్గర కరిగిపోతుంది. రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి చేర్చే బండి ఉండదు, కాస్త నడుం వాల్చడానికి తలుపు గడియ పడే గది ఉండదు. రోగి చనిపోతే బంధువుల కోపం మొదట తగిలేది ఎదురుగా ఉన్న నర్సుకే. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం చేశారు. దెబ్బ తిన్నప్పుడు ఆ చట్టం కింద కేసు పెట్టమని ఎంతమంది నర్సులకి యాజమాన్యం అండగా నిలిచింది?

గౌరవం సంగతి మనం ఇంట్లోనే మొదలుపెట్టాలి. మన సమాజంలో నర్సు ఉద్యోగానికి పట్టిన చూపు మంచిది కాదు. మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకునే పని, రాత్రిళ్ళు బయట ఉండే పని అని అగ్రకులాల వాళ్ళు మొహం తిప్పుకున్న రోజుల్లో మిషన్ ఆసుపత్రుల్లో చదువుకున్న దళిత, క్రైస్తవ ఆడపిల్లలు ఆ పని అందుకుని మన తాతముత్తాతల ప్రాణాలు నిలిపారు. వాళ్ళని సినిమాల్లో వెకిలి హాస్యానికి వాడుకున్నాం. పెళ్ళి సంబంధం దగ్గర "నర్సా?" అని సాగదీశాం. ఈ దేశంలో రిజిస్టర్డ్ నర్సు జీతం తెలిశాక మాత్రం "అమ్మాయి అమెరికాలో ఆర్ఎన్" అని గొప్పగా చెప్పుకుంటున్నాం. పని అదే, మనిషీ అదే. మారింది చెక్కు మీద అంకె. కేంద్రం 2016లో తన ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు పేరును నర్సింగ్ ఆఫీసరుగా మార్చింది. మంచిదే. పేరు మారిన ఊళ్ళో నీళ్ళ కుళాయి కూడా రావాలి కదా.

ఇదంతా విని కొందరు మిత్రులు మూడు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది: ఎంత ఇచ్చినా వీళ్ళు విదేశాలకి పోతారు కదా అని. ప్రపంచంలో నర్సుల కొరత 2023లో 58 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది, కనుక పిలుపులు వస్తూనే ఉంటాయి. వెళ్ళేవాళ్ళని తప్పుపట్టే అర్హత విమానమెక్కి వచ్చిన మనకి అసలే లేదు. కానీ ఇష్టపడి వెళ్ళడం వేరు, నిలవలేక పారిపోవడం వేరు. ఈబీ-3 క్యూలో ఏళ్ళ తరబడి నిలబడటానికి సిద్ధపడే నర్సు ఉన్న ఊరి ఆసుపత్రిలో రెండేళ్ళు నిలవలేకపోతోందంటే తప్పెక్కడుందో చూసుకోవాలి.

రెండోది: నర్సుల్ని పెంచితే వైద్యం ఖర్చు పెరుగుతుందని. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో నిష్పత్తి చట్టం తెచ్చాక ఏమైందో పరిశీలించి 2021లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మరణాలు తగ్గాయి, మళ్ళీ ఆసుపత్రిలో చేరడం పెరగలేదు, ఉండే రోజులు తగ్గాయి. అలా మిగిలిన డబ్బు, అదనపు నర్సుల జీతాల ఖర్చుకు రెట్టింపు కంటే ఎక్కువ. మన లెక్కలు అచ్చం అలాగే ఉంటాయని అనను. కానీ కొత్త స్కానింగ్ యంత్రానికి కోట్లు దొరికే చోట మరో ఇద్దరు నర్సులకి జీతం దొరకదంటే నమ్మడం కష్టం.

మూడోది: పది పడకల నర్సింగ్ హోమ్ ఈ బరువు మోయలేదని. ఇందులో నిజముంది. ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో ఆసుపత్రికి దక్కేది జబ్బుకింత అని ప్యాకేజీ. నర్సులు తక్కువున్నా అంతే, ఎక్కువున్నా అంతే. అప్పుడు యాజమాన్యం చెయ్యి మొదట నర్సుల సంఖ్య మీదే పడుతుంది. కనుక వార్డులో నర్సుల్ని నిండుగా పెట్టిన ఆసుపత్రికి ప్యాకేజీలో కాస్త ఎక్కువ ఇవ్వాలి. ఆ చిన్నవాళ్ళ పేరు చెప్పి అయిదొందల పడకల ఆసుపత్రులు తప్పించుకోవడం మాత్రం కుదరదు.

మరి ప్రవాసులం మనమేం చెయ్యగలం? చాలానే చెయ్యగలం. సొంతూరి ఆసుపత్రికి బిల్డింగులిస్తున్నాం, అంబులెన్సులిస్తున్నాం, డయాలసిస్ యంత్రాలిస్తున్నాం, తలుపు మీద తాతగారి పేరు రాయించుకుంటున్నాం. ఇక మీద చెక్కు రాసే ముందు నాలుగు ప్రశ్నలడుగుదాం. రాత్రి వార్డులో ఒక నర్సుకి ఎంతమంది రోగులు? ఆమె జీతం 2016 కమిటీ చెప్పిన స్థాయిలో ఉందా? ఆమె సర్టిఫికెట్లు ఆమె దగ్గరే ఉన్నాయా? రాత్రి డ్యూటీ వాళ్ళకి గడియ పడే గది, ఇంటికి చేర్చే బండి ఉన్నాయా? జవాబు రాకపోతే చెక్కు జేబులోనే ఉంచుకుందాం. యంత్రం బదులు రెండేళ్ళపాటు నలుగురు నర్సుల జీతం ఇస్తామని చెప్పి చూద్దాం. దాని మీద తాతగారి పేరు రాయడానికి చోటుండదు, అంతే తేడా.

అమ్మానాన్నల్ని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు గదిలో ఏసీ ఉందా, టీవీ ఉందా అని ఇక్కణ్ణించి ఫోన్లు చేసి అడుగుతాం. దానితో పాటు రాత్రి ఎంతమంది నర్సులని కూడా అడుగుదాం. పదిమంది అడిగితే యాజమాన్యం వింటుంది. వందమంది అడిగితే బోర్డు మీద రాసి పెడుతుంది.

ఇక పార్టీల సంగతి. ఎన్నికలు వస్తే చాలు, అన్ని పార్టీల నాయకులూ డల్లాస్‌కీ న్యూజెర్సీకీ వస్తారు. సభలు పెట్టి దండలు వేస్తాం, విరాళాలిస్తాం. ఈసారి మైకు దొరికినప్పుడు మూడు కోరికలు ముందు పెడదాం. ప్రతి వార్డు తలుపు మీద ఆ షిఫ్టులో నర్సులెంతమంది, రోగులెంతమంది అన్నది రోజూ రాయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే ఆసుపత్రి లైసెన్సు రద్దు చెయ్యాలి. ఏళ్ళ తరబడి ఉండే పనికి ఔట్‌సోర్సింగు పేరుతో మనుషుల్ని తీసుకోవడం మానాలి. వీటిలో ఏ ఒక్కటీ ఏ పార్టీ సిద్ధాంతానికీ అడ్డు రాదు. కాబట్టి కుదరదనే నాయకుడు ఎందుకు కుదరదో చెప్పాలి.

మా నాన్నగారు కోలుకున్నారు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆ రాత్రి నేను అరిచిన నర్సు పేరు ఆయనకి గుర్తుంది. ఫోన్ చేసినప్పుడల్లా ఎలా ఉందో ఆ పిల్ల అంటారు. ఇరవై రెండు మందిలో ఒకడైన ఆయన పేరు ఆమెకి గుర్తుండే అవకాశం లేదు. అందులో ఆమె తప్పూ లేదు.